చేతి మిషను, మీసాల హోటలాయన

జూన్ 3

పెద్దక్కకి,

ఇందుమూలంగా సమస్త బంధుమిత్రులకూ, ఇరుగుపొరుగులకూ, గోడ మీద పిల్లికీ కూడా తెలియజేయడమేమనగా: బస్టాండు మైకులో బస్సుల రాకపోకలు చెప్పే ఉద్యోగంలో పండిపోయినవాణ్ణీ, ఏడో తరగతిని ఇష్టపడి రెండుసార్లు చదివినవాణ్ణీ, నీ ఒక్కగానొక్క తమ్ముణ్ణీ అయిన నేను, నీ ఆజ్ఞ ప్రకారం నిన్న సాయంత్రం ఒక పాత కుట్టు మిషనును చెప్పులు విప్పి మరీ దర్శించి వచ్చాను. ఈ విషయంలో పుకార్లు నమ్మవద్దు. గొడుగును నేను అక్కడ మర్చిపోలేదు. గొడుగే నాతో రానంది.

ప్రకటన సమాప్తం. ఇక సంగతి.

అమ్మే ఆయన్ని అందరూ కోటు మాస్టారంటారు. కోర్టు వెనక సందులో, మెట్ల కింద గది. జీవితమంతా కోట్లు తప్ప ఇంకోటి కుట్టలేదట. నా ఉద్యోగం చెప్పి, "చొక్కాలు కుట్టరా?" అన్నాను మాట కలుపుదామని. "బస్టాండులోకి గేదె వస్తే నువ్వు మైకులో చెబుతావా?" అన్నాడు. చూపు తగ్గి సూదిలో దారం ఎక్కడం లేదట, అందుకని అమ్ముతాడట. అమ్మకానికైతే పెట్టాడు గానీ, ముట్టుకున్నవాడి వేళ్ళు విరిచేసేలా ఉన్నాడు.

మిషను మన తాతకంటే పెద్దది. నల్లగా నిగనిగలాడుతోంది. ఒంటినిండా బంగారు తీగలు గీశారు, గుడ్డ రాసుకునే చోట మాత్రం అరిగిపోయాయి. కుడివైపు చక్రానికి చెక్క పిడి ఉంది. చేత్తో తిప్పాలి, కాళ్ళతో పనే లేదు. నువ్వు కోరింది అదే కదా.

నేను కూర్చుని చక్రాన్ని మగాడిలా ముందుకు తోశాను. గరగరమంది. ఇంకాస్త తోశాను. ఆగిపోయింది. గుడ్డ కింద చూస్తే దారమంతా పిచ్చుక గూడు. మాస్టారు నావైపు ఒక చూపు చూశాడక్కా! కళ్ళు కనపడని మనిషి అంత సూటిగా ఎలా చూశాడో నాకిప్పటికీ అర్థం కాలేదు.

నా తీర్పు: మిషను చచ్చిపోయింది. ఆశ వదులుకో.

ఉత్తరం మీ ఊరి బస్సు డ్రైవరు చేతిలో పెడుతున్నాను. పోస్టాఫీసు వాళ్ళకంటే ఇతను నయం, కనీసం హారను కొడతాడు.

ఇట్లు,
నీ తమ్ముడు, ధ్వని విభాగాధిపతి

జూన్ 5

ఒరేయ్ గాలోడా,

ఉత్తరం అందింది. నీ రాత చూసి డ్రైవరు, "డాక్టరు చీటీనా అమ్మా? మందులు తెచ్చిపెట్టనా?" అన్నాడు. అయినా సరే ఉత్తరమే రాయి. ఫోను చేస్తే మాత్రం ఎత్తను. నీళ్ళాఫీసు వాడిలా గొంతు మార్చి, మూడు రోజులు నీళ్ళు రావని చెప్పి, పూలకుండీలతో సహా నాచేత నింపించావు చూడు, ఆ రోజుతో నీ గొంతు మీద నమ్మకం పోయింది.

మిషను చావలేదు. నువ్వు చంపబోయావు. చక్రాన్ని ముందుకు తోశానని ఎంత గొప్పగా రాశావురా! అలాంటి మిషను చక్రాన్ని పైభాగం మనవైపుకి వచ్చేట్టు తిప్పాలి. అవతలికి తోస్తే దారం చిక్కుపడక పూలు పూస్తుందా? కుట్టేదాని తమ్ముడివి, చిన్నప్పటి నుంచీ నా మిషను కిందే పడుకుని బొత్తాలు మింగావు, ఈ మాత్రం తెలీదా?

మళ్ళీ వెళ్ళు. దారాలు రెండూ తీసేయమను. వట్టి సూదితో, రెండు మడతలేసిన గుడ్డ మీద, జానెడు పొడుగున నిదానంగా తిప్పు. ఆ గుడ్డ ముక్క నాకు పంపు. చిల్లులు చూస్తే మిషను సంగతి నాకు తెలిసిపోతుంది.

నా సంగతి నీకు తెలుసు. మోకాళ్ళు అరిగాయి, తొక్కుడు మిషను ఇక తొక్కకూడదన్నాడు డాక్టరు. కరెంటుది తెచ్చి చూశాను. కాలు ఆనిస్తే చాలు, పగ్గం తెంచుకున్న గుర్రం. కాలరు కుట్టమంటే వీపు దాకా వెళ్ళి ఆగింది. చిన్నబావేమో అరవై రకాల డిజైన్లు కుట్టే కొత్త మిషను కొనుక్కోమంటాడు. బాతుల వరస కూడా కుడుతుందట. ప్లీడరుగారి చొక్కాకి బాతులు కుట్టిస్తే నన్ను ఏ సెక్షను కింద లోపల వేస్తారో ఆయన్నే అడగాలి.

చిన్నక్క మాత్రం ఈ నెలాఖరుకల్లా తన ఇంటికి వచ్చేయమంటోంది. "ఎన్నాళ్ళు కుడతావే, మా ఇంట్లో విశ్రాంతిగా ఉండు" అంటోంది. నాకోసం సిద్ధం చేసిన గది ఫొటో పంపింది. మంచం పక్కన ఇస్త్రీ బల్ల, దాని పక్కన కవల పిల్లల ఉయ్యాల. విశ్రాంతి ఎక్కడుందో భూతద్దం పెట్టి వెతుకుతున్నాను. కానీ చేతి మిషను దొరక్కపోతే ఈ కుట్టుగది తాళం అద్దె ఇంటి యజమాని చేతిలో పెట్టి వెళ్ళాల్సిందే. వేరే దారి లేదు.

అలాగని కొనేద్దామన్నా భయమే. ఒక చెయ్యి చక్రానికి పోతే గుడ్డ పట్టేది ఒక్క ఎడమ చెయ్యే కదా. చంక దగ్గర గుండ్రం ఎలా తిప్పను? ఈ వయసులో ఎడమ చేతికి ఓనమాలు నేర్పాలా? చూద్దాం. తొందరేముంది.

మీ పెద్దక్క

జూన్ 8

తొందరేముంది అనే మా పెద్దక్కకి,

బొత్తాం రంగు తేల్చుకోవడానికి వారం తీసుకునే మనిషివి. నువ్వు తొందరేముంది అన్నావంటే ఆ మాటకి ముసుగు తన్ని పడుకోవడమని అర్థం.

వెళ్ళాను. మాస్టారు ముందు నాచేత సబ్బుతో చేతులు కడిగించాడు. తర్వాత గోళ్ళు చూశాడు. తర్వాత, "ఈసారి నీవైపుకి తిప్పు నాయనా, అది లారీ కాదు" అన్నాడు. తిప్పాను. అక్కా, ఆ చప్పుడేమిటి! టిక్కు టిక్కుమని, పళ్ళులేని అవ్వ వక్కపొడి నమిలినట్టు. గుడ్డ ముక్క ఇందులో పెట్టాను. చీమలు బారు కట్టినట్టు లేవూ? నా చేతిలోనే ఇంత తిన్నగా నడిచిందంటే నీ చేతిలో పాటే పాడుతుంది.

"ఎవరికోసం?" అన్నాడు మాస్టారు.

"మా అక్కకి. చొక్కాలు, గౌన్లు కుడుతుంది."

"కాలరు తిప్పడం వచ్చా?"

"మా చెవులే తిప్పింది, కాలరో లెక్కా?" అన్నాను. మొదటిసారి నవ్వాడు.

అంతా బాగానే ఉంది గానీ, ఒక చిక్కొచ్చింది. దీని మీద ఇంకొకడి కన్ను పడింది. హోటలు యజమాని. ఇంతింత మీసాలు, చివర్లు పైకి మెలేసి ఉంటాయి. నేను వెళ్ళేసరికి మిషను చుట్టూ తిరుగుతూ ఫొటోలు తీస్తున్నాడు. హోటలు గోడలకి పాత లాంతర్లు, చిల్లుపడ్డ గొడుగులు, తాతలు వదిలేసిన టెలిఫోన్లు తగిలించాడట. ఇప్పుడు మిషను మీద గాజుపలక బిగించి కాఫీ బల్ల చేస్తాడట. "కుట్టదా?" అన్నాను. "కుట్టకూడదండీ, కుడితే దాని అందం పోతుంది" అన్నాడు. రేపో మాపో పట్టుకుపోయేలా ఉన్నాడు. నీ ఇష్టం మరి.

ఇట్లు,
చేతులు కడుక్కున్న తమ్ముడు

జూన్ 10

ఒరేయ్ తమ్ముడూ,

గుడ్డ ముక్క దీపం ముందు పెట్టి చూశాను. చిల్లు చిల్లుకీ ఎడం ఒక్కటే. తల్లిపాలు తాగిన మిషను అది.

నువ్వు రాసిన హోటలాయన గురించి రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. మొదట ఒళ్ళు మండింది. తర్వాత అనిపించింది, పాపం అదీ ఎన్ని కోట్లు కుట్టిందో! ఎన్ని వేళ్ళకింద నలిగిందో! ఇప్పుడు గాజు కింద చల్లగా కూర్చుంటుంది. ఎవరూ తిప్పరు, ఎవరూ "సాయంత్రానికి కావాలి" అని నెత్తిన కూర్చోరు. వచ్చినవాళ్ళు చూసి మెచ్చుకుంటారు. ఇంతకంటే ఏం కావాలిరా దానికి?

కాబట్టి హోటలాయనకే వెళ్ళనీ. అదీ విశ్రాంతి తీసుకుంటుంది, నేనూ తీసుకుంటాను. చిన్నక్కకి సరేనని కబురు చేద్దామనుకుంటున్నాను. ఇరవయ్యో తారీఖున కారు పంపుతానంది. నా పాత తొక్కుడు మిషను నీకు కావాలంటే తీసుకుపో, దాని మీద మైకు పెట్టుకో.

పెద్దక్క

జూన్ 11

అక్కా! అక్కా! ఆగు!

ముఖ్య ప్రకటన. ఇరవయ్యో తారీఖు కారు రద్దు చేయడమైనది.

హోటలాయన మనసు మార్చుకున్నాడు. కాఫీ బల్ల పాత ఫ్యాషనట. ఇప్పుడు మిషనుకి కడుపు కోయిస్తాడట. లోపల ఉన్న ఇనుమంతా పీకించేసి, వాష్‌బేసిను మీద బిగించేసి, సూది ఉండే చోట కుళాయి పెడతాడట. చక్రం తిప్పితే నీళ్ళు పడతాయి. జనం చేపల ముళ్ళు తిన్న మూతులు అందులో కడుక్కుంటారు. పుక్కిలిస్తారక్కా! చీమల బారు కుట్టిన నోట్లోకి పుక్కిలిస్తారు! దీన్ని విశ్రాంతి అంటావా?

నిన్న మీసాలు మెలేస్తూ నాతోనే అన్నాడు, "మూలన ఒక పెద్దామెను కుట్టుపని ఫోజులో కూర్చోబెడితే ఇంకా బాగుంటుంది, పని రానక్కర్లేదు, నవ్వితే చాలు" అని.

చిన్నక్కకి కబురు పంపకు. కొంటానని ఒక్క ముక్క రాయి. మోసుకొచ్చే పూచీ నాది.

నీ తమ్ముడు

జూన్ 14

ఒరేయ్,

కుళాయా? వాడి మీసాలు కుంపట్లో పెట్ట! రెండు పూటలు అన్నం సయించలేదు. బల్ల చేస్తే ఊరుకుందామనుకున్నాను, కడుపు కోసి పుక్కిలిస్తారా?

ఊరికే కూర్చోలేదు. కోటు మాస్టారికి నేనే ఉత్తరం రాసి మన డ్రైవరు చేతికిచ్చాను. "అయ్యా, మీరు నన్నెరగరు. నేనూ కుట్టి బతికే మనిషినే. మీ దగ్గరికి తీయగా మాట్లాడుతూ వచ్చే హోటలు మనిషిని గడప తొక్కనీయకండి. వాడు మీ మిషను కడుపు కోసి కుళాయి పెడతాడు. చూడ్డానికి పెద్దమనిషిలా ఉంటాడు, నమ్మకండి" అని గట్టిగానే రాశాను.

కొనడం సంగతి మాత్రం ఇంకా తేల్చుకోలేదు. ఎడమ చెయ్యి అభ్యాసం చేద్దామని నిన్న కుడిచెయ్యి వీపు వెనక పెట్టుకుని చంక గుండ్రం చుట్టూ సుద్దతో గీత గీశాను. కోడిగుడ్డు గీయబోతే కంద గడ్డ వచ్చింది. చూద్దాం.

పెద్దక్క

జూన్ 16

అక్కా,

ప్రకటనలు చేసే ఓపిక లేదు.

నిన్న మాస్టారి దగ్గరికి వెళ్ళాను. తలుపు సగం తీసి, గజం బద్ద చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "వచ్చావా నాయనా? హోటలు ఎలా నడుస్తోంది?" అన్నాడు. ఏ హోటలండీ అన్నాను. "నటించకు. ఈ పదిహేను రోజుల్లో నా గుమ్మం తొక్కింది నువ్వొక్కడివే. తీయగా మాట్లాడిందీ నువ్వే. అక్క కోసమన్నావు, ఆ అక్క ఏది? సొంతానికి ఒక్క గుండీ కుట్టుకోవడం రాని మనిషికి మిషనెందుకు? ఆ తల్లెవరో దేవతలా ముందే హెచ్చరించింది" అని నీ ఉత్తరం నా ముక్కు మీద ఆడించాడు.

ఆమే మా అక్క అన్నాను. "మొన్నేమో చొక్కాలు కుట్టే అక్క, ఇప్పుడు ఉత్తరాలు రాసే అక్కా? ఎంతమంది అక్కలయ్యా నీకు?" అన్నాడు. నేను నిజంగానే బస్టాండు మనిషినండీ, కావాలంటే వినండని సందులో నిలబడి నాలుగు బస్సులు ప్రకటించాను. ఎదురింటావిడ సంచి పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. మాస్టారు మాత్రం తలుపేసేశాడు. నా గొడుగు కూడా ఇవ్వలేదు.

పాపం పెద్దాయన పొరబడ్డాడు. చూపు ఆనదు కదా, ఆ మీసాలాయనకీ నాకూ తేడా తెలియలేదు. ఎవరి తప్పూ లేదు. కానీ ఇక నావల్ల కాదు. అమ్మితే నీకే అమ్ముతాడు. నువ్వే రావాలి. మోకాళ్ళ నొప్పి నాకు తెలుసు. డ్రైవరుతో చెప్పి ముందు సీటు ఆపిస్తాను. ఇరవై లోపల రా.

నీ తమ్ముడు

జూన్ 19

ఒరేయ్ నాయనా,

వచ్చాను, వెళ్ళాను. నీకు చెప్పలేదు. నీకు చెబితే బస్టాండంతా మైకులో చెబుతావు. నేను దిగే బస్సును కూడా నువ్వే ప్రకటించావు. నీ గది కిటికీ ముందు నుంచే నడిచి వెళ్ళాను, టీ గ్లాసులో ఈగను తీస్తూ తలెత్తలేదు.

మాస్టారు స్టూలు వేశాడు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. ఒక పాత కోటు చెయ్యి విప్పి ముందు పెట్టి, "దీన్ని ఎక్కించమ్మా" అన్నాడు. చంక గుండ్రం! అదీ ఎడమ చేత్తో!

కూర్చున్నాను. పిడి పట్టుకున్నాను. మొదటి నాలుగు కుట్లు వంకరే. తర్వాత తెలిసిందిరా. తొక్కుడు మిషను తన దారిన ఉరుకుతుంటే ఇన్నాళ్ళూ రెండు చేతుల్తో గుడ్డను కాపాడుకున్నాను. ఇది నేను తిప్పితేనే కదులుతుంది. ఒక్క కుట్టు వేసి ఆపు, గుడ్డ కాస్త తిప్పు, ఇంకో కుట్టు. ఎడమ చేతికి కావలసినంత తీరిక. గుండ్రం గుండ్రంగానే వచ్చింది. మాస్టారు వేలితో చంక చుట్టూ తడిమి చూశాడు. ఎక్కడా ముడత తగల్లేదు. "తీసుకెళ్ళమ్మా" అని లేచి, గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

మిషను ఇప్పుడు నా కిటికీ పక్కన ఉంది. డ్రైవరూ కండక్టరూ చెరోపక్కా పట్టి దింపారు. చిన్నక్కకి రానని చెప్పేశాను. "ఇక్కడ సుఖంగా ఉండమంటే పాత ఇనుము కొనుక్కుంటావా?" అని కోప్పడింది. ఇస్త్రీకి మనిషిని చూసుకోమన్నాను.

ఒక సంగతి. ఆ హోటలాయన గురించి మాస్టారు చెప్పాడు. సన్నగా పీలగా ఉంటాడట, గొంతు మాత్రం ఖంగుమంటుందట. మొదటిసారి వచ్చినప్పుడు చక్రాన్ని అవతలికి తోసి దారమంతా చిక్కు చేశాడట. చూశావా, లోకంలో అంత తెలివితక్కువవాళ్ళు ఇద్దరున్నారన్నమాట. నువ్వొక్కడివే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

గొడుగు తెచ్చాను. నా దగ్గరుంది.

పెద్దక్క

జూన్ 20

విజయలక్ష్మి లాంటి మా అక్కకి,

ఈ రోజు బస్సులన్నీ వేళకే వచ్చాయని ప్రకటించాను. రెండు రాలేదు, అయినా ప్రకటించాను. అంత సంతోషం.

చూశావా నేను చెప్పలా? నన్ను నమ్మినవాళ్ళెవరూ చెడిపోలేదు. హోటలాయన నిన్న బస్టాండుకొచ్చి నా కిటికీ దగ్గర భోరుమన్నాడు. మీసాలు రెండూ కిందికి వేలాడిపోయాయి. "మిషను పోయిందయ్యా, ఇక నేను ఎక్కడ పుక్కిలించను?" అన్నాడు. ఓదార్చి, రెండో ప్లాట్‌ఫారం కుళాయి చూపించి పంపాను.

నాకు ఒక చొక్కా కుట్టు. జేబు పెద్దదిగా ఉండాలి.

ఇట్లు,
దూరదృష్టి గల తమ్ముడు

జూన్ 23

ఒరేయ్ తమ్ముడూ,

నీ చొక్కా కత్తిరించి పెట్టాను గానీ, కుట్టేట్టు లేను. తొందరపడ్డానేమో అనిపిస్తోంది.

నిన్న మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. చూస్తే మీసాలు. నువ్వు రాసినట్టే ఉన్నాయి, ఎడమవైపు కొంచెం పొడుగు. హోటలాయన! మాస్టారికి నేను రాసిన ఉత్తరం మీద నా అడ్రసు చూశాడట. ఎంత మర్యాదస్థుడురా! నువ్వు అన్యాయంగా రాశావు. కుళాయి లేదు, కోత లేదు. మిషనును ఉన్నదున్నట్టు అద్దాల పెట్టెలో పెట్టి, పక్కన మాస్టారి ఫొటో తగిలిస్తాడట. మీ తమ్ముడు నాకు బాగా తెలుసండీ, రోజూ కలుస్తుంటాం, చాలా నిజాయితీపరుడు అని నిన్ను తెగ పొగిడాడు. అంత పెద్దమనిషి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే కాదనలేకపోయాను.

రేపు సాయంత్రం బండి పంపి మిషను తీసుకెళ్తానన్నాడు. సరేనన్నాను. చిన్నక్కకి కూడా కబురు పంపాను, ఎల్లుండి కారు వస్తుంది. నీకు తెలిసిన మనిషే కాబట్టి నాకే దిగులూ లేదు. నీ ఫ్రెండుకి నీ చేతిమీదుగానే మిషను అప్పగిద్దామనుకున్నాను గానీ, నీకు డ్యూటీ ఉంటుందిగా.

పెద్దక్క

జూన్ 24

అక్కా, తలుపు తీయకు!

ఇప్పటికి ఫోను ఎన్నిసార్లు చేశానో తెలీదు, నువ్వు ఎత్తవు. ఎదురింటివాళ్ళకి చేసి నీళ్ళాఫీసు నుంచి కాదు, నిజంగా తమ్ముణ్ణే అంటే వాళ్ళు నవ్వి పెట్టేశారు. ఈ ఉత్తరం డ్రైవరు చేతిలో పెట్టి, నువ్వు చదివేదాకా మీ గుమ్మంలోంచి కదలొద్దని ఒట్టు వేయించుకున్నాను. బస్సు ఆలస్యమైతే ప్రయాణికులకు నేనే మైకులో క్షమాపణ చెప్పుకుంటాను.

ఆ వచ్చినవాడు దొంగ. నాకు తెలుసనీ, రోజూ కలుస్తాడనీ చెప్పాడు కదా? అక్కడే దొరికిపోయాడు. ఎలా దొరికిపోయాడని అడుగుతావు. అడక్కుండా ఉంటే బాగుండేది.

నువ్వు "చూద్దాం" అంటూ కూర్చుంటావు, నెలాఖరు వచ్చేస్తుంది, చిన్నక్క కారు వచ్చేస్తుంది. ఎన్నడూ ఎవరికీ చెయ్యి చాపని మనిషివి. నువ్వు ఆ ఇస్త్రీ బల్ల పక్కన మంచమ్మీద ముడుచుకుని పడుకోవడం నా కళ్ళతో చూడలేను. నా మొహానికి నీకు బుద్ధిగా నచ్చజెప్పే చదువు లేదు. నాకు వచ్చిందల్లా ఒకటే విద్య. అది ప్రయోగించాను. మొదటిసారి వికటించి నువ్వు విశ్రాంతి అన్నావు, అందుకని కుళాయి పెట్టాల్సి వచ్చింది. కుళాయి పెట్టేసరికి మాస్టారి దృష్టిలో నేనే వాణ్ణయ్యాను. ఇంత కష్టపడి ఇంటికి చేర్చిన మిషనును నువ్విప్పుడు ఎవడో మీసాలవాడికి అప్పగిస్తానంటే నా ప్రాణం ఏం కావాలి?

ఎడమవైపు పొడుగు మీసమని రాశావు. ఎడమవైపు పొడుగని నేనెక్కడా రాయలేదే! ఇది రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. అక్కా, మాస్టారు నీకు ఇంకేమైనా చెప్పాడా? నువ్వు గానీ నన్ను... సరే, అది తర్వాత. నిజంగా ఎవడైనా వచ్చి ఉంటే? నేను పంతానికి పోతే రేపు నీ కిటికీ పక్కన ఖాళీ బల్ల మిగులుతుంది. నవ్వుకుంటే నవ్వుకో. ఊరంతటికీ చెప్పుకో. బండి వస్తే మాత్రం మిషను ఇవ్వకు.

ఆ మీసాలు మా బస్టాండు గోడ మీద పళ్ళపొడి ప్రకటనలోవి, ఎడమవైపు పొడుగుతో సహా. కాఫీ బల్ల, వాష్‌బేసిను నా బుర్రలోవి. హోటలాయన అనేవాడు ఏ ఊళ్ళోనూ లేడు, ఎప్పుడూ లేడు. వాడు పూర్తిగా నా కల్పన.